మూడు ముద్దల ఊరు

మా మేనత్త తోడు పెట్టిన పెరుగు మీద పిల్లి నడిచి వెళ్తే అడుగు పడేది కాదు. ఒక ఏడాది గోదావరి వరదకి ఆవిడ పెరుగుకుండ కొట్టుకుపోయింది. అంతర్వేది దగ్గర జాలరులు దాన్ని సముద్రంలోంచి తీసి మూత విప్పితే మీగడ కూడా చెదరలేదు. నమ్మకపోతే మానేయండి. నా మాట నమ్మకపోవడం మా వేగిలంకలో అందరికీ ఉన్న అలవాటే. ఆ అలవాటు వల్లనే ఒక మనిషి తొడ విరిగింది. అందుకని ఇక్కణ్నుంచి కోతలు కోయను. కోపంగా ఉన్నప్పుడు నాకు కోతలు రావు.

నా పేరు అబ్బులు. నాకున్నవి రెండెకరాల కొబ్బరితోట, పాతికేళ్ల షుగరు జబ్బు, మంగాయమ్మ అనే భార్య. ఈ మూడింట్లో నా మాట వినేది తోట ఒక్కటే.

మా ఊరికి ఆరోగ్యం నేర్పడానికి వచ్చినవాళ్లు తక్కువేం కాదు. అన్నం తగ్గించండి అన్నారు, కొర్రలు తినండి అన్నారు, పొద్దున్నే లేచి నడవండి అన్నారు. తల ఊపడంలో మమ్మల్ని మించినవాళ్లు జిల్లాలో లేరు. మీటింగులో ఊపేసి, వాళ్లు పంచిన బిస్కెట్లు జేబులో వేసుకుని, ఇంటికొచ్చి పనసపొట్టు కూరతో మారు వడ్డించుకునేవాళ్లం. నా కుడికాలి బొటనవేలి కింద పుండు ఏడాదిగా మానలేదు. దిష్టి తగిలిందని నేను చెప్పేవాణ్ని. కాజాలు తగిలాయని మంగాయమ్మ చెప్పేది.

టౌన్నుంచి వచ్చిన డాక్టర్ సుహాసిని మాత్రం మీటింగు పెట్టలేదు. నా పుండు శుభ్రం చేస్తూ, తల ఎత్తకుండా అంది.

"తాతగారూ, మీకు చెప్పి లాభం లేదని తెలిసిపోయిందండి. ఇక మీ కడుపుకే చెబుతాను."

అదేమిటో చూపిస్తానని టౌన్లో తన ప్రయోగశాలకి పిలిచింది. అద్దాల గదిలో గాజుగ్లాసు నిండా చిక్కటి గంజి పోసి, అందులో ఒక్క చుక్క పెరుగు వేసింది. నేను ఆవిడ ఇచ్చిన చప్పటి టీ తాగేలోగా గంజి నీళ్లలా తేరిపోయింది.

"ఈ పెరుగులో ఉన్న సూక్ష్మజీవిని నేనే తయారుచేశానండి. మీరు తిన్న అన్నాన్ని మీకంటే ముందు ఇది తినేస్తుంది. తినేసి, 'చాలు' అని మీ మెదడుకి కబురు పంపుతుంది."

"మా ఆవిడ పెళ్లైన నాటి నుంచీ పంపుతోంది తల్లీ ఆ కబురు. ఇంతవరకూ చేరలేదు."

"ఇది చేరుతుందండి." ఆవిడ నవ్వలేదు. గోడ మీద ఆవిడ తండ్రి ఫొటో ఉంది. షుగరుతో ఒక కాలు తీసేశాక కూడా ఆయన తలగడ కింద జిలేబీ దాచుకునేవాడట. "నాన్నకి చెప్పిచెప్పి విసిగిపోయానండి. ఆయన పోయేనాటికి మా ఇద్దరికీ మాటల్లేవు. ఈ పెరుగు అప్పుడుంటే నేను పోట్లాడేదాన్ని కాదు."

ఆ మాట విన్నాక సరేనన్నాను. అలా ఆవిడ ప్రయోగంలో నేను ఒకటో నంబరు మనిషినయ్యాను.

కొన్నాళ్లకి దానికో పేరొచ్చింది. మితం. పేరు పెట్టింది ఫణీంద్ర. ప్రయోగశాలకి డబ్బిచ్చే సంస్థ మనిషి. చొక్కా ఎప్పుడూ నలగదు, మాట ఎప్పుడూ ఆగదు. డాక్టరమ్మ చేసినదాన్ని ప్రజల్లోకి తీసుకెళ్లడం తన పని అన్నాడు. మా ఊళ్లో షుగరున్న ఇంటింటికీ చిన్న స్టీలుడబ్బాలో మితం తోడు ఇచ్చారు. దాన్ని ఇంటి తోడులో కలిపి, రోజూ ఆ తోడుతోనే పెరుగు పెట్టుకోవాలి. ఇంకెవరికీ ఇవ్వకూడదు. వారానికోసారి మనుషులొచ్చి ఇంటింటా అందరినీ తూచి, బరువు తగ్గితే తలుపు మీద పచ్చ నక్షత్రం, పెరిగితే ఎర్ర నక్షత్రం అతికిస్తారు.

ఉన్నమాట చెప్పాలి. పెరుగు బ్రహ్మాండంగా పనిచేసింది. మూడో ముద్ద దగ్గర నా చెయ్యి ఆగిపోయేది. ఎవరో లోపలినుంచి మణికట్టు పట్టుకున్నట్టుండేది. కాజా నోట్లో పెట్టుకుంటే సున్నపుముద్దలా అనిపించేది. షుగరు దిగింది. ఏడాదిగా మానని పుండు ఎండి పొక్కు కట్టి రాలిపోయింది. డాక్టరమ్మ నా పాదాన్ని రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు చూసింది. ఆవిడ చూస్తున్నది నా పాదాన్ని కాదని నాకు తెలుసు.

ఇంతవరకూ బాగుంది. అయితే ఆ మేధావులంతా ఒక్క సంగతి మరిచిపోయారు. మా ఊళ్లో తోడు ఏ ఇంట్లోనూ ఆగదు.

ఒక సాయంత్రం దీపం పెట్టకముందే పెరటి గుమ్మం దగ్గర కరుణ గిన్నె పట్టుకుని నించుంది. కరుణ మొగుడు రత్నరాజు మా తోటల్లో కొబ్బరికాయ దింపు తీసే మనిషి.

"అమ్మగారండీ, మా పెరుగు పిల్లి ముట్టేసిందండి. చుక్క తోడు పెడతారేంటండి?"

మంగాయమ్మ గరిటెడు పోసి పంపింది. వరండాలోంచి నేనన్నాను.

"ఎవరికీ ఇవ్వద్దని డాక్టరమ్మ చెప్పింది కదే."

"ఆవిడకి అత్తగారు లేరేమో, నేర్పేవాళ్లు లేరు. తోడడిగిన ఆడమనిషిని వట్టి గిన్నెతో పంపిస్తే గొడ్డు పాలివ్వదు. దీపం పెట్టాక వస్తే ఇవ్వనుగానీ, పొద్దుండగా వచ్చినదాన్ని ఎలా పొమ్మంటాను?"

అవును మరి. ఎలా పొమ్మంటుంది? మంగాయమ్మ ఒక్కతేనా, డబ్బా అందుకున్న ప్రతి ఇల్లాలూ అలాగే చేసింది. వానాకాలం దాటేసరికి ఊళ్లో మితం లేని పెరుగుగిన్నె లేదు. బడ్డీకొట్లో కాజాలకి చీమలు పట్టాయి. కొన్నాళ్లకి చీమలు కూడా మానేశాయి. చూశారా, కోపంలో ఉన్నా ఒకటి జారింది. ఫణీంద్ర మాత్రం ఊరంతా పచ్చ నక్షత్రాలేనని ఫొటోలు తీసుకుని మురిసిపోయాడు.

ఆ నక్షత్రాల్లో ఒకటి రత్నరాజు తలుపు మీద ఉంది.

రత్నరాజు గురించి చెప్పాలి. అతను పెళ్లిపందిట్లో కూర్చుంటే వడ్డించేవాళ్లు వంతులు వేసుకునేవారు. పొద్దున్నే సత్తుగిన్నెడు చద్దన్నం, గడ్డపెరుగు, ఉల్లిపాయ తిని, కాళ్లకి బంధం వేసుకుని చెట్టెక్కితే మధ్యాహ్నం దాకా కిందికీ పైకీ తిరుగుతూనే ఉండేవాడు. ఒంట్లో చారెడు కొవ్వు లేదు. తిన్నదంతా చెట్లకే పోసేవాడు. అలాంటి మనిషి ఒకనాడు మా తోటలో సగం చెట్టు ఎక్కి, దిగొచ్చి, మొదలు దగ్గర కూలబడ్డాడు.

"ఏరా, చెట్టు మీద పామేమైనా కనబడిందా?"

"పామైతే కొట్టేసేవోణ్నండి. కళ్లు తిరుగుతున్నాయండి. పొద్దున్నుంచీ మూడు ముద్దలే తిన్నానండి. నాలుగోది దిగట్లేదండి."

"జ్వరమా?"

"కాదండి. ఆకలేస్తదండి. కంచం ముందు కూకుంటానండి. ఎవరో వొద్దంటారండి." అతను చేతులు చూసుకున్నాడు. చెట్టు బెరడులాంటి చేతులు వణుకుతున్నాయి. "పిల్లలూ అంతేనండి. తూకానికొచ్చినాయన మా బరువులు చూసి సెభాష్ అన్నాడండి."

నా మణికట్టు నేనే పట్టుకున్నాను. నాలుగో ముద్ద దగ్గర వద్దనేది ఎవరో నాకు తెలుసు.

మర్నాడే ప్రయోగశాలకి వెళ్లాను. డాక్టరమ్మతో పాటు ఫణీంద్ర కూడా ఉన్నాడు.

"రత్నరాజు ఇంట్లో షుగరు లేదు కదండీ, మేం వాళ్లకి ఇవ్వలేదే," అంది ఆవిడ.

"మీరివ్వలేదు. మా ఆవిడ ఇచ్చింది. మా ఆవిడ ఇచ్చింది వాళ్లు ఇంకొకరికి ఇచ్చారు. నువ్వు తయారుచేసినది ఊరంతా తింటోందమ్మా. తిండి ఎక్కువైనవాళ్లకి చేసిన మందు, తిండి చాలనివాళ్ల కంచంలో పడింది."

ఆవిడ మొహంలో రక్తం లేదు. ఫణీంద్ర మాత్రం కుర్చీ జరుపుకుని నా భుజం మీద చెయ్యి వేశాడు.

"తాతగారూ, మంచి అలవాటు దానంతటదే పాకిందంటే సంతోషించాలండీ. మితాహారం అందరికీ మంచిదే కదా."

"నువ్వు మధ్యాహ్నం ఏం తిన్నావు బాబూ?"

"నేనా? బిర్యానీ అండి. ఎందుకూ?"

"అది తిని కొబ్బరిచెట్టు ఎక్కు. తరవాత రత్నరాజు తిన్నది తిని ఎక్కు. తేడా కింద పడ్డాక చెబుదువుగాని."

అతను నవ్వాడు. నేను సరదామనిషినని అతనికి ముందే చెప్పి ఉంటారు. ఆదివారం మా ఊరికి ఆరోగ్యగ్రామం షీల్డు ఇస్తున్నారనీ, పెద్ద పెద్దవాళ్లు వస్తున్నారనీ, అది అయ్యాక పరీక్షలు చేద్దామనీ అన్నాడు. డాక్టరమ్మ అతని వైపు చూసింది, నా వైపు చూసింది. ఏమీ అనలేదు. ఫణీంద్ర మీద నాకు అంత కోపం రాలేదు. చెప్పులో రాయి గుచ్చుకోక ఏం చేస్తుంది? ఆవిడ ఊరుకున్నందుకు వచ్చింది. బస్సులో ఇంటికొచ్చేదాకా పళ్లు నూరుతూనే ఉన్నాను.

రత్నరాజు ఇంట్లో పెరుగు పారబోయించాను. లాభం లేకపోయింది. పనికి వెళ్లిన ప్రతి తోటలోనూ మజ్జిగచెంబు అందిస్తారు. దాహంతో దిగిన మనిషి వద్దని ఎలా అంటాడు? తాగకపోయినా చేతుల మీదుగా, గిన్నెల మీదుగా అది మళ్లీ చేరుతూనే ఉంది.

ఆదివారం బడి ఆవరణలో షామియానా వేశారు. షీల్డుతో పాటు భోజనాలు. అది మాత్రం ఫణీంద్ర బుర్రలో పుట్టిన ముచ్చట. వేగిలంకవాళ్ల మితాన్ని అతిథులు కళ్లారా చూడాలట. అరిటాకులు పరిచి పులిహోర, పనసపొట్టు కూర, గుత్తివంకాయ, ముద్దపప్పు, బొబ్బట్లు వడ్డించారు. మా గోదావరివాళ్ల సంగతి మీకు తెలుసు. కొసరి కొసరి వడ్డించి, వద్దని ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందులోంచి నెయ్యి పోసే జాతి మాది. ఆ జాతి ఆరోజు మూడు ముద్దలు తిని, వరసగా ఆకులు మడిచింది. చివరిదాకా ఒకటే చప్పుడు, ఆకులు మడుస్తున్న చప్పుడు. వేదిక మీద బల్లల దగ్గర బొబ్బట్లు నములుతున్న అతిథులు చేతులు తుడుచుకుని చప్పట్లు కొట్టారు.

రత్నరాజు ఒక్కడే ఆకు మడవలేదు. నాలుగో ముద్ద కలిపి పట్టుకున్నాడు. నోటిదాకా తెచ్చాడు, దించాడు. మళ్లీ తెచ్చాడు. పక్కనున్న కరుణ ఆ చెయ్యి పట్టుకుని, ముద్దని మెల్లగా ఆకులో పెట్టించింది. అతను ఏడవలేదు. నిండా ఉన్న ఆకు వైపు, మంచి పొలాన్ని అమ్ముకున్నవాడు చూసినట్టు చూశాడు.

తరవాత నన్ను వేదిక ఎక్కించారు, ఒకటో నంబరు మనిషిగా నాలుగు మాటలు చెప్పమని. మైకు పట్టుకున్నాను.

"అయ్యా, మా ఊళ్లో పెరుగు మనుషుల్ని తింటోంది," అన్నాను.

షామియానా అంతా గొల్లుమంది.

"నవ్వకండి. ఇది నాకంటే ముందు తింటుంది. నాకు మంచిదే, నేను తిని పడుకునేవాణ్ని. అదిగో, రత్నరాజు తిని చెట్టెక్కేవాడు. అతని అన్నం కూడా అదే తింటోంది. అతని పిల్లల అన్నం కూడా తింటోంది. ఆపండి దీన్ని."

"మేనత్త కుండ కథ చెప్పండి అబ్బులుగారూ," అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఇంకా పెద్ద నవ్వు. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన కళ్లనీళ్లు తుడుచుకుంటూ, ఈ వయసులో ఎంత హుషారండీ అన్నాడు. ఫణీంద్ర శాలువా కప్పి, మైకు లాక్కున్నాడు. జీవితమంతా కోసిన కోతలు ఆరోజు నా మెడకే చుట్టుకున్నాయి. నవ్వనిది ఇద్దరే. కింద రత్నరాజు, పైన సుహాసిని.

మర్నాడు పొద్దున్నే రత్నరాజు పక్కవాళ్ల తోటలో దింపుకెక్కాడు. వద్దంటే వింటాడా? దింపు లేకపోతే ఆ ఇంట్లో కిరసనాయిలు కూడా ఉండదు. గెల దగ్గరికి చేరి కత్తి ఎత్తాడు. కత్తి ముందు పడింది, తరవాత అతను. మధ్యలో మట్టలకి తగిలి పడ్డాడు గనక ప్రాణం మిగిలింది. తొడ ఎముక రెండు ముక్కలైంది.

ఆస్పత్రిలో కడ్డీ వేసిన ఎముకల డాక్టరు ఒక్క మాటే చెప్పాడు. "కడ్డీ నిలబెడుతుందిగానీ, ఎముక అతకాలంటే ఒంట్లో తిండి పడాలి. ఈయన ఇంత తక్కువ తింటే అతకదు. ఇక మంచమే."

సుహాసిని వచ్చింది. తనే రక్తం తీసుకుంది, తనే పరీక్ష చేసుకుంది. వార్డు బయట బెంచీ మీద నా పక్కన కూర్చుంది.

"మీరు చెప్పిన రోజే రావలసిందండి."

"అవును, రావలసింది." ఓదార్చడానికి నాకు మనసొప్పలేదు.

"మా నాన్న ఒక్కడే నా కళ్లముందు ఉన్నాడండి. తినడం ఆపలేని మనిషి. తిండి కావలసిన మనిషి నాకు గుర్తే రాలేదు."

"ఇప్పుడేం చేస్తావు?"

ఇంటింటా ఉన్న పెరుగంతా ఒకే రోజు పోవాలంది. గిన్నెలు కూడా మరిగించాలి. ఊరంతా ఆ పెరుగు మానేస్తే కడుపుల్లో ఉన్నది కొన్నాళ్లకి మాడి చచ్చిపోతుంది. ఒక్క ఇంట్లో చెంచాడు తోడు మిగిలినా మళ్లీ మొదలు. ఫణీంద్ర ఫోన్లో ఆవిడ మీద అరుస్తుంటే బెంచీ ఇవతలకి నాకు వినిపించింది. పక్క జిల్లాలకి డబ్బాలు సిద్ధంగా ఉన్నాయట, షీల్డు ఇచ్చి వారం కూడా కాలేదట. ఆవిడ విని, "నేను తయారుచేశాను, నేనే చంపుతున్నాను," అని పెట్టేసింది. ఆ ఒక్క మాటకి నా కోపంలో పావలా వంతు తగ్గింది.

ఊళ్లో ఆడవాళ్లు ఒప్పుకుంటారా? తోడు పారబోయమంటే పుస్తె తీసిమ్మన్నట్టు చూశారు. "మా అత్తగారి చేతి తోడు, ఆవిడ అత్తగారిది," అన్నారు. "వంశంలో ఎప్పుడూ తోడు చావలేదు," అన్నారు. డాక్టరమ్మ శాస్త్రం చెబితే ఎవరూ కదల్లేదు. అప్పుడు మంగాయమ్మ మా పెరుగుకుండ చంకనెత్తుకుని బయటికొచ్చింది. మా మేనత్త నుంచి వచ్చిన తోడు అది.

"కరుణకి ఈ చేత్తోనే పోశాను," అంది.

బడి ఆవరణలో ఆదివారం పులిహోర కలిపిన గుండిగలోనే కుండ వంచింది. కింద మంట పెట్టారు. ఒకరి తరవాత ఒకరు వచ్చారు. పెరుగు విరిగి, ఉడికి, పుల్లటి కంపు కొట్టింది. ఆ కంపుకి నాకు మేనత్త గుర్తొచ్చి కళ్లు మండాయి. పొగ అని చెప్పాను. ఈసారి అందరూ నమ్మారు.

మర్నాడు పాలల్లో పచ్చిమిరపకాయల తొడిమలు వేసి తోడు పెట్టుకున్నారు. మొదటిరోజు పెరుగు జిగురుగా సాగింది. పోగా పోగా పెరుగులా అయింది.

గుండిగ కింద మంట ఆరాక సుహాసిని నన్ను పక్కకి పిలిచింది. "తాతగారూ, మీ షుగరు మళ్లీ పెరుగుతుంది. మీ ఒక్కరికీ రోజూ ప్రయోగశాల నుంచి విడిగా పంపుతాను. గిన్నె వెనక్కి తీసుకెళ్లిపోతాం."

నాకు ఆశ పుట్టలేదంటే అది కోతే అవుతుంది. నా కాలు చూసుకున్నాను. మంగాయమ్మ వైపు చూశాను.

"మా ఇంట్లోకి వచ్చిన తోడు మా ఇంట్లో ఉండదమ్మా. ఎవరో గిన్నె పట్టుకొస్తారు. ఈవిడ పోస్తుంది. వద్దు. నన్ను మందులూ, నడకా, తిట్లూ పెట్టి చూసుకో. ఒక్కొక్కరి కంచం ముందూ కూర్చుని చూడు, ఎవరికి తగ్గించాలో ఎవరికి పెంచాలో. అది ఆలస్యమని కదా ఈ అడ్డదారి తొక్కావు."

ఆ తరవాత సంస్థ డబ్బు ఆపేసింది, ఆవిడ ప్రయోగశాల పోయింది. ఇప్పుడు వారం వారం మా బడి వరండాలో కూర్చుని, ఒక్కొక్కరినీ పొద్దున ఏం తిన్నావు, ఏం పని చేశావు అని అడుగుతుంది. నన్ను తిడుతుంది. నేను నడుస్తున్నాను. అయినా బొటనవేలి కింద మళ్లీ ఎర్రబడింది.

ఫణీంద్ర సంస్థకి ఏమీ కాలేదు. పేరు మార్చుకుని, ఈసారి పెరుగు లేకుండా, తక్కెడ ఒక్కటీ పట్టుకుని మొన్న మళ్లీ వచ్చారు. చంకకర్రల మీద నించున్న రత్నరాజుని తూచారు. బరువు పెరిగింది. తొడ విరిగినవాడా, చెట్టెక్కేవాడా, ఏం తిన్నాడు, ఎందుకు తిన్నాడు, ఒక్క మాట అడగలేదు. తలుపు మీద ఎర్ర నక్షత్రం అతికించి పోయారు.

సంగతి తెలిసి నేను చాకు తీసుకుని వెళ్లాను. క్రిస్మస్ దగ్గరపడింది. కరుణ గుమ్మానికి కాగితపు నక్షత్రం కట్టి, లోపల బల్బు పెడుతోంది. నేను తలుపు మీదిది గీకబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనివ్వండి అబ్బులుగారండీ. ఈ యేడు మాకు రెండు నక్షత్రాలండి."

లోపల కంచం నేలమీద జరిగిన చప్పుడైంది. తరవాత రత్నరాజు గొంతు.

"ఏమే, ఇంకాస్త అన్నం పెట్టవే."

కరుణ లోపలికి పరిగెత్తింది. నా కాలు సలుపుతోంది. అయినా అతను ఆ మాట ఇంకోసారి అంటాడేమోనని, చాకు పట్టుకుని అక్కడే నించున్నాను.